కూలవలసిన గోడలు

మా మామగారి మీద నాకున్న ఫిర్యాదులన్నీ పోగేస్తే ఆదోని గూడ్సు షెడ్డు చాలదు గానీ, ఈ పూటకు ఒక్కటి చాలు. ఆయన రైళ్ళను నమ్మరు. రైలు వేళకు ముందే వచ్చేసి, దిగవలసిన వాళ్ళను దించకుండా, ఎవరికీ చెప్పాపెట్టకుండా రాయచూరు పారిపోతుందని ఆయన గట్టి నమ్మకం. అందుకే అన్నం తిన్న చెయ్యి ఆరకముందే జట్కా పిలిపించి, "లెయ్యమ్మా ప్రభావతీ, బొంబాయి మెయిలు వచ్చేస్తాది" అని నన్ను లేవదీసి, దారి పొడవునా జట్కావాణ్ణీ గుర్రాన్నీ సమానంగా తిట్టి, తెచ్చి ఈ బల్ల మీద కూర్చోబెట్టారు. కూర్చున్నాక తెలిసింది, మెయిలు ఇంకా గుంతకల్లులోనే ఉందని. "ఆలస్యమంట" అన్నారు నా వైపు తిరిగి. ఆ అనడంలో, ఆలస్యం కూడా నేను పుట్టింటి నుంచి సారెతో పాటు తెచ్చుకున్న సామానే అన్న ధ్వని ఉంది. సముద్రం సంగతీ అంతే. ఆయన దృష్టిలో బందరు సముద్రం మా పుట్టింటివాళ్ళ ఆస్తి. బుద్ధిగా ఉన్నన్నాళ్ళూ అది లోకానికంతా చెందుతుంది. అల్లరి చేస్తే మాత్రం నాది. పోయిన వారం అది చేసిన అల్లరికి ఇంటిల్లిపాదీ నన్ను చూసి మాటలు తగ్గించేశారు, నేనే వెళ్ళి దాన్ని గిల్లి వచ్చినట్టు.

అల్లరి అంటున్నాను. అలా అనకపోతే ఈ బల్ల మీద కూర్చోలేను కాబట్టి అంటున్నాను. బందరుకు అవతల, ఉప్పుమళ్ళ పక్కన, మామగారి ఒక్కగానొక్క కూతురు సులోచన, ఆమె భర్త రామకృష్ణయ్య, నడక నేర్చీ నేర్వని వాళ్ళ పాప ఒక ఇంట్లో ఉంటున్నారు. ఆ ఇల్లు నేను కట్టించాను. డబ్బు మామగారిది, చెమట ఎమ్మిగనూరు తాపీమేస్త్రీ బసప్పది, పట్టుదల నాది. కనక నిలిచినా కూలినా పేరు నాదే. తుఫాను వచ్చింది, ఉప్పెన వచ్చింది, తంతి స్తంభాలు పడిపోయాయి. పడవల్లో తిరుగుతున్న అధికారుల గురించి పేపరు రాస్తోంది గానీ సులోచన గురించి రాయడం లేదు. చూసి రమ్మని మా ఆయనను పంపాం. నిన్న బెజవాడ నుంచి ఆయన తంతి వచ్చింది. మా ఆయన మాటల్లో పొదుపరి, తంతిలో మరీను. శనివారం, మెయిలు. అంతే. వాళ్ళు ఉన్నారనీ లేదు, లేరనీ లేదు. పెళ్ళయిన నాటి నుంచీ ఈయన నోట రెండో మాట కోసం ఎదురుచూడటం నాకు అలవాటే గానీ, ఇంత గట్టిగా ఎన్నడూ చూడలేదు. ఇంట్లో అత్తగారు ఉరుకుంద ఈరన్నకు మొక్కు మీద మొక్కు మొక్కుతున్నారు. ఆ మొక్కులన్నీ తీర్చాలంటే మేం కాపురం ఉరుకుందకు మార్చుకోవాలి. మార్చుకుంటాం. సంతోషంగా మార్చుకుంటాం. పొయ్యి కూడా నేనే మోసుకొస్తాను స్వామీ, ఆ పసిదాన్ని ఈ బండిలో కూర్చోబెట్టు.

మా బల్ల పక్కనే ప్లాట్‌ఫారం మీద పత్తి బేళ్ళు దొంతులు పెట్టి ఉన్నాయి. పత్తి కాలం మొదలైతే మా ఊళ్ళో ఆకాశానికి కూడా జలుబు చేస్తుంది, ఎటు చూసినా తెల్లటి నలకలు. ఒక్కో బేలుకూ నడుం చుట్టూ ఇనప పట్టీలు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, పత్తిని బేళ్ళుగా నొక్కే మా ప్రెస్సు చూపించడానికి తీసుకుపోయారు. గదంత దూదిని పైనుంచి నొక్కి పెట్టెంత చేసి, పట్టీలు చుట్టి వదిలారు. లోపల దూది బయటికి రావాలని తన్నుకుంటూనే ఉంది, కానీ పట్టీ వదల్లేదు. ఎందుకంటే అది ఒక పక్కన పట్టుకోదు, చుట్టూ పట్టుకుంటుంది. పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని నేను బేలును చూడటం మానేసి మా చిన్నప్పటి ఇంటి కప్పును చూశాను. ఆ కప్పు గాలికి ఎలా లేచిందో నా కళ్ళతో చూశాను కదా. గాలి కప్పును తొక్కుతుందని అందరూ అనుకుంటారు. తొక్కదు. ఎత్తుతుంది, ఉడికే గిన్నె మీద మూత ఎత్తినట్టు. బరువు పెడితే ఆగదు, కట్టేస్తే ఆగుతుంది. ప్రెస్సు మేస్త్రీ "భయపడ్తాండావా అమ్మా?" అని అడిగాడు. లేదు, ఒక ఇల్లు కట్టుకుంటున్నాను అని చెప్పి ఉంటే ఆ సాయంత్రమే నన్ను భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయేవారు.

నా చిన్నప్పటి ఆ తుఫాను రోజు ముందు కప్పు పోయింది, తరువాత నీళ్ళు వచ్చాయి. అలలా రాలేదు, తిరునాళ్ళ జనంలా వచ్చాయి, తోసుకుంటూ, గొణుక్కుంటూ. మా నాన్న తలుపు గడియ వేసి, వెనక రుబ్బురోలు దొర్లించి, దాని వెనక తను నిలబడ్డాడు. నీళ్ళు గుమ్మం అవతల ఆగాయి. ఆగాయి కదా అని అందరం ఊపిరి పీల్చుకున్నాం. అదే పొరపాటు. ఆగిన నీళ్ళు వెనక్కి పోవు, ఎత్తు పెరుగుతాయి. మంచి గోడ అది, మందపు గోడ, చివరిదాకా ఒక్క ఇటుక రాల్చలేదు. రాల్చకుండా మొత్తం గోడ గోడగానే ఒరిగింది. గోడను అంటిపెట్టుకున్న స్తంభాలను లాక్కుపోయింది, స్తంభాల మీది దూలాన్ని, దూలం మీది అటకను, అటక మీద పిల్లలమందరం ఎక్కాక చివర ఎక్కిన మా నాయనమ్మను. మమ్మల్ని నాన్న జుట్టు పట్టుకుని లాగాడు. నాయనమ్మ జుట్టు ముడి వేసుకుని ఉంది, నాన్న చేతికి పట్టు దొరకలేదు. ఇక్కడ నాకు హాస్యం రాదు. తెల్లవారాక ఊళ్ళో సవ్యంగా నిలబడి ఉన్నది ఒక్కటే, ఉప్పు శాఖ వాళ్ళ పాత బంగళా. దొరలకు పాములంటే భయమట, అందుకని ఎత్తు స్తంభాల మీద కట్టించుకున్నారు. కింద అంతా ఖాళీ, గాడిదలు, కుక్కలు పడుకునేవి. నీళ్ళు దాని కాళ్ళ మధ్య నుంచి పోయాయి. ఆ ఉదయం పై వరండాలోంచి ఊరి కుక్కలన్నీ మెట్ల మీదుగా ఒళ్ళు విరుచుకుంటూ దిగి వచ్చాయి. వాటికి తెలిసింది మాకు తెలియకపోయిందే అనుకున్నాను. పాముల భయంతో కట్టినా సరే, ఇల్లంటే అలా ఉండాలి, నిలబడి దారి ఇవ్వాలి.

"సిగ్నలు పడిందేమో సూడప్పా" అంటున్నారు మామగారు పోర్టరు మాదన్నతో. మాదన్న బీడీ చెవి వెనక పెట్టుకుని, "యాడ పడింది సెట్టీ, అది పడితే నేనే అరస్తా గదా" అని మళ్ళీ బేళ్ళ మీద వాలాడు. వీళ్ళ మాట మొదట్లో నాకు సగమే అర్థమయ్యేది. వాళ్ళకు నా మాట అసలు అర్థమయ్యేది కాదు, అయినా నా మాటే నాజూకని అనుకునేవారు; ఆ అపోహను నేనూ చెరపలేదు. బి.ఏ. చదివిన కోడలు అని మామగారు బజారులో గర్వంగా చెప్పుకునేవారు, ఇంట్లో మాత్రం ఆ బి.ఏ. ఏదో మానిపోయిన జబ్బు అన్నట్టు ప్రస్తావించేవారు కాదు. నేను చదివింది చరిత్ర. ఇళ్ళ గురించి చరిత్ర చెప్పేది కూడా తక్కువేం కాదు. ఎంత మందం గోడ కట్టినా ఎవడో ఒకడు వచ్చి పడగొడతాడని చెబుతుంది. నమ్మని వాళ్ళు తలెత్తి ఆ ఆదోని కోట గోడలను చూడవచ్చు, ఇక్కడ నుంచే కనిపిస్తాయి. మామగారు పుట్టినప్పటి నుంచీ వాటినే చూస్తున్నారు, నేర్చుకున్నది మాత్రం మందం ఒక్కటే.

ఉప్పు మీద పన్ను పోయాక, ఆదోని బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాకు కాపురం మారిన ఏడు, ఆయన బందరు అవతల ఉప్పుమళ్ళు కొన్నారు, అల్లుడిని చూసుకోమన్నారు. పత్తికి ఒక ఏడు వానలు కావాలి, ఒక ఏడు వద్దు; ఉప్పుకు ఎండ ఒక్కటి చాలు, ఎండ సంగతి మా కంటే తెలిసిన వాళ్ళెవరు అన్నారు. అల్లుడు పోతే కూతురూ పోతుంది, కూతురు పోతే ఇల్లు కావాలి. ఆ పొద్దున నేను వంటింటి ముందు తడి ఆరిన అరుగు మీద ముగ్గుపిండితో ఆ ఇల్లు గీశాను. సులోచన పక్కనే కూర్చుని చుక్కలు ఎక్కడా అని వెతుకుతోంది. మామగారు పూజ ముగించి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఒంగి చూశారు.

"ఇదేందమ్మా, కింద గోడలు యాడ?"

"లేవు మామా. స్తంభాలే."

"లేవా! ఇల్లంటివి గదా. సంతలో పందిరి గీసినట్లుందే."

"నీళ్ళు పోవడానికి."

"వచ్చే నీళ్ళకు మనమే దోవ సూపిస్తామా? సత్రమా అది? మా తాత కట్టిన గోడ మీద ఎద్దులబండి తోలొచ్చు, తెలుసునా?"

సముద్రం బండి మీద రాదు మామా, నడిచే వస్తుంది అందామనుకున్నాను. అనలేదు. అన్నానేమో. సులోచన కిసుక్కున నవ్వినట్టు గుర్తు, కనక అనే ఉంటాను. ఆయన గాలి గురించి పాఠం చెప్పారు. ఆషాఢంలో మాకు రాదా గాలి, నెత్తిన రుమాలు నిలవదు, కళ్ళ నిండా మన్ను, ఏమైంది మా ఇండ్లకు? ఏమీ కాలేదు. నిజమే. వాన కోసం మొహం వాచిన ఊరి వాళ్ళకు గాలి అంటే మబ్బును ఎత్తుకుపోయే దొంగ, అంతవరకే తెలుసు. మనిషిని ఎత్తుకుపోయే గాలి ఉంటుందంటే కథ అనుకుంటారు. మిద్దె మీదికి ఇక్కడి నుంచి చౌడు మన్ను వ్యాగనుకు ఎత్తిస్తానన్నారు, మా ఊళ్ళో మిద్దెల మీద పరిచి తొక్కితే వాన చుక్క దిగదు కదా అని. ఉప్పు పండే ఊరికి చౌడు పంపే శెట్టిని ఉప్పు పుట్టిన నాటి నుంచీ ఎవరూ చూసి ఉండరు. ఆ మాట మాత్రం అనలేదు. ఇది గట్టిగా గుర్తుంది, నాలుక కొరుక్కున్నాను, సాయంత్రం దాకా నొప్పి.

ఒక్కో మెట్టూ దిగి వచ్చారు. మిద్దె వదులుకున్నారు, నాలుగు పక్కలా వాలే పెంకు కప్పుకు ఒప్పుకున్నారు. వాసాలను గోడ లోపలి నుంచి పైకి తీసిన బేలు పట్టీలతో బిగిస్తానంటే, ప్రెస్సులో పట్టీలు తక్కువవుతున్నాయని గుమాస్తాను కేకలేస్తూనే ఇంకో కట్ట పంపారు. వరండా కప్పు వేరు, ఇంటి కప్పు వేరు, రెండింటికీ పొత్తు వద్దు, అది ఎగిరిపోతే ఇది దాని వెంట పోకూడదు అంటే, అన్నదమ్ముల వాటాల్లాగానా అన్నారు, అది వ్యాపారస్థుడికి వెంటనే అర్థమైంది. కింద గోడల దగ్గర మాత్రం మొండికేసి కూర్చున్నారు. గోడల్లేని ఇంట్లో నా కూతురు ఉండదు. మా వంశంలో అట్లా ఎవరూ ఉండలేదు. ఊళ్ళో ఏమనుకుంటారు? ఆ ఊళ్ళో మనల్ని ఎరిగిన వాళ్ళెవరూ లేరు మామా. ఎరిగితే ఏమనుకుంటారు? దీనికి బి.ఏ.లో జవాబు లేదు. "సరే మామా, గోడలు పెట్టిద్దాం" అన్నాను. కోడలు ఒకసారి సరే అంటే మామలు కాస్త అనుమానించాలి. ఈయన సంతోషించారు.

బసప్ప తన మనుషులతో వెళ్ళిన రోజు మేమూ వెళ్ళాం. అతను సముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఎమ్మిగనూరులో ఒక్క బిందె కోసం ఇంటి ఆడవాళ్ళు తెల్లవారేదాకా బావి దగ్గర కూర్చుంటారు. చివరికి అడిగాడు, "ఇన్నీళ్ళు పెట్టుకొని తాగేదానికి లేవంటారేంది తల్లీ వీళ్ళు? ఏం సంసారమిది?" ఆ ప్రశ్నకు సముద్రం కూడా సిగ్గుపడి ఉండాలి, ఆ రోజంతా నెమ్మదిగా ఉంది. స్తంభాలకు ఇసక దాటి గట్టి నేల తగిలేదాకా తవ్వించాను, రాయీ గానుగ సున్నమూ వేసి, రాయికీ రాయికీ మధ్య ఇనప చీల పెట్టించాను. పైన అంతస్తు గోడలు బిగువుగా, మూలలు ఒకదాన్నొకటి కరుచుకునేలా. కింద గోడల వంతు వచ్చింది. వాటికి పచ్చి ఇటుక, బురద, సున్నం ముట్టుకోవద్దు, స్తంభానికి ఆనించవద్దు, మధ్య వేలంత సందు వదలమన్నాను.

"అవి నిలవవమ్మా."

"నిలవకూడదు బసప్పా."

అతను తాపీ కింద పెట్టేశాడు. పడిపోయే గోడ కట్టమంటాండావు, నా పేరు సెడతాది, మా నాయన నవ్వుతాడు అన్నాడు. వాళ్ళ నాయన పోయి చాలా కాలమైంది, అయినా నవ్వుతాడట. మామగారి కంటికి గోడ, నీళ్ళ కంటికి తలుపు అని చెప్పాను. అతనికి నచ్చలేదు. మొహం ముడుచుకునే కట్టాడు, కడుతున్నంతసేపూ ఈ గోడలు తనవి కావని దారిన పోయే ఉప్పు కూలీలందరికీ పేరు పేరునా చెప్పుకున్నాడు. పక్కనే మామగారు తన ముచ్చట తీరేలా ఒక ఉప్పు కొట్టం కట్టించుకున్నారు, ఆదోని పద్ధతిలో, కిటికీ లేదు, సందు లేదు, ఎద్దులబండి తోలదగిన గోడలు. బసప్ప దాన్ని చూసుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు, అంత బాగా కుదిరింది.

అక్కడితో అయి ఉంటే నేనీ పూట ఇలా చీర కొంగును తాడులా పేనుకుంటూ కూర్చునేదాన్ని కాదు. మొన్న వేసవిలో మామగారు ఒక్కరే వెళ్ళి చూసి వచ్చారు. వచ్చిన రోజు భోజనానికి కూర్చుని, ముద్దకూ ముద్దకూ మధ్య, ఎంతో ప్రేమగా అన్నారు, "నీ బసప్ప మోసం చేసినాడు లేమ్మా. గోడకూ స్తంభానికీ మధ్య నా వేలు దూరుతాంది. నేను ఊరుకుంటానా? ఆ సందులన్నీ గట్టి సున్నంతో పూడ్చి ఒకటి చెయ్యమని పురమాయించి వచ్చినా." పప్పు గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఒకటి చేయడం అంటే ఏమిటో నాకు తెలుసు. గోడ పోతే స్తంభం దాని వెంట పోవడం, స్తంభం వెంట దూలం, దూలం వెంట. నిజం చెబితే? చెబితే మరునాడే అక్కడ రాతి గోడ లేస్తుంది. నెయ్యి వేయనా మామా అన్నాను. ఆ రాత్రే సులోచనకు జాబు రాశాను, సున్నం వద్దు, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు అని. జవాబు వచ్చింది, పాపకు పళ్ళు వస్తున్నాయట, విరేచనాలట, వాము నీళ్ళు పట్టవచ్చునా అట. సున్నం మాటే లేదు. సులోచన వాళ్ళ నాయన మాట ఏనాడూ దాటని పిల్ల. ఆ గుణాన్ని నేను ఎన్నిసార్లు మెచ్చుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

మామగారు లేచి ప్లాట్‌ఫారం చివరిదాకా వెళ్ళి, పట్టాల మీదికి ఒంగి, గుంతకల్లు వైపు చూసి వచ్చారు. కూర్చోలేదు. చేతికర్రతో బండ మీద గీస్తున్నారు. ఆయన తలపాగా ఈ రోజు సరిగ్గా లేదు, ఒక కొస వేలాడుతోంది, చెప్పాలా వద్దా, చెబితే మళ్ళీ చుట్టుకోవడానికి చేతులు ఆడవేమో. ఆయన నా వైపు చూడకుండా అడిగారు.

"ప్రభావతీ. నీళ్ళొస్తే ఎంతెత్తు వస్తాయమ్మా?"

ఇన్నేళ్ళలో ఆయన నన్ను మొదటిసారి జవాబు కోసం ఒక ప్రశ్న అడిగారు. పప్పులో ఉప్పు వేశావా అన్నది ప్రశ్న కాదు, అభియోగం. ఇది ప్రశ్న. "మనిషి మునిగేటంత వస్తాయి మామా. మన ఇల్లు అంతకన్నా ఎత్తు."

"ఆ గోడలు ఆపుతాయిలే. సున్నం కొట్టించినా గదా" అన్నారు. గొంతు చివర కాస్త పైకి లేచింది, అవునను అన్నట్టు. నేను తలూపాను. పక్కన కూర్చున్న ఈ పెద్దాయన మాట కనీసం ఒక్కసారి ఎవరో ఒకరు వినకుండా ఉండి ఉండాలని, కూతురు ఎదురు చెప్పి ఉండాలని, ఆ సున్నం బట్టీ వాడు బద్ధకించి ఉండాలని, బస్తా తడిసి గడ్డకట్టి ఉండాలని, లోకంలో ఉన్న సోమరితనమంతా ఆ వేసవిలో ఆ ఊరికి వచ్చి ఉండాలని, ఈరన్నా, అత్తగారు అడగనిది నేనొక్కటి అడుగుతున్నాను, ఆయన పరువు దక్కకపోయినా పరవాలేదు.

గంట కొట్టారు. మాదన్న నిజంగానే అరిచాడు, "సిగ్నలు పడింది సెట్టీ!" పట్టాలు ముందు తెలుసుకున్నాయి, తరువాత బల్ల, తరువాత నా అరికాళ్ళు. పొగ. మలుపు దగ్గర నల్లటి మొహం. దూది నలకలన్నీ ఒక్కసారి లేచి గిరగిరా తిరిగాయి. పెట్టెలు నా ముందు నుంచి పోతున్నాయి, కిటికీలు, చేతులు, ఎవరిదో ఎర్ర తలపాగా, ఎవరిదో కోడి బుట్ట, ఒక్క మొహం కూడా మాది కాదు, ఆగింది, దిగుతున్నారు, రాయచూరు పోయేవాళ్ళు ఎక్కుతున్నారు, మామగారి భయమే నిజమై దించకుండా పోతుందేమో, అదిగో మా ఆయన. ఒక్కరే. చేతిలో సంచి. మాసిన గడ్డం. ఒక్కరే దిగారు. దిగి వెనక్కి తిరిగి రెండు చేతులూ పైకి చాపారు.

ఆ చేతుల్లోకి ఒక చొక్కా వచ్చింది. ఎవరిదో పెద్దవాళ్ళ చొక్కా, చేతులు మడిచి మడిచి పెట్టి ఉన్నాయి, దానిలోంచి ఒక తల, ఆ తలకు నోరు, ఆ నోట్లో జొన్నరొట్టె ముక్క. పాప. దాని వెనక సులోచన దిగింది, అట్టలు కట్టిన జుట్టుతో, వెలిసిపోయిన చీరతో, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు. బి.ఏ. చదివిన కోడలు ప్లాట్‌ఫారం మీద పరిగెత్తకూడదని ఎక్కడైనా ఉంటే ఉండనీ. పాప ఉప్పు వాసన వేస్తోంది. మా పుట్టింటి వాసన. నా వాసన. నేను దాన్ని ఎత్తుకుని గిర్రున తిప్పాను, రొట్టె ఎటో ఎగిరిపోయింది, అది ఏడ్చింది, ఎంత గట్టిగా ఏడ్చిందో, లోకంలో అంతకన్నా మంచి సంగీతం ఉందంటే నేను నమ్మను. "మీ ఆయన?" అన్నాను. "ఆడే ఉండాడు వదినా, మనుషులకు గంజి కాయిస్తాండాడు" అంది సులోచన, నవ్వుతోంది, ఏడుస్తోంది.

మామగారు వచ్చి కూతురి తల మీద చెయ్యి వేశారు. ఆయన నోట వచ్చిన మొదటి మాట వింటే ఎవరైనా కొడతారు. "గోడలు?" అన్నారు.

"పోయినాయి నాయనా. అన్నీ పోయినాయి."

ఆయన మొహం పాలిపోయింది. నా మొహం, అద్దం లేదు గానీ, దీపావళి అయి ఉండాలి. పోయాయి! అన్నీ పోయాయి! "సున్నం కొట్టించినా గదమ్మా!" అన్నారాయన నీరసంగా.

"యాడ కొట్టించినావు? వదిన వద్దని రాసింది. నువ్వు తెప్పించిన సున్నమంతా పైన గదులకు వెల్ల వేయించినా. నీకు సెప్పేదానికి భయమై ఊరకుండినా." సులోచన మెట్ల మీద కూర్చున్నట్టు బేళ్ళ మీద కూర్చుంది, చెప్పడం మొదలుపెట్టింది, ఆగలేదు. వరండా కప్పు మొదట పోయిందట, గాలిపటంలా, దాని దారిన అది. ఇంటి కప్పు మూలిగింది, పట్టీలు కిర్రుమన్నాయి, కదలలేదు. పక్కనున్న పాలెం జనమంతా మెట్లెక్కి వచ్చారు, మేకలు కూడా. నీళ్ళు వచ్చి కింద గోడలను తోస్తుంటే, "ఒక గోడ పడె. సచ్చినామనుకొంటిమి. ఇంగొకటి పడె. పడేకొద్దీ ఇల్లు అదిరేది తగ్గతాంది వదినా! నీళ్ళు కింద పోతాండాయి, మేము పైన ఉండాము. నాలుగోది పడినప్పుడు నేను చప్పట్లు కొట్టినా, పక్కనోళ్ళు నాకు మతి పోయిందనుకొనిరి."

"మన కొట్టమో?" అన్నారు మామగారు, చివరి ఆశతో.

మా ఆయన నోరు విప్పారు. రెండో మాట. "పునాది రాళ్ళు నాలుగు దొరికినాయి నాయనా. అవీ ఈడొకటి, ఆడొకటి."

ఇంజను ఆవిరి వదిలింది. మామగారు కర్ర ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకున్నారు. "ఆ బసప్ప..." అని మొదలుపెట్టారు, ఆపేశారు. "ఆ రాయి మంచిది కాదు, మొదట్లోనే..." అది కూడా ఆపేశారు. పాప నా భుజం మీద నుంచి ఆయన తలపాగా వేలాడే కొసను పట్టుకుని లాగుతోంది. ఆయన విడిపించుకోలేదు. నా వైపు తిరిగి ఏదో అన్నారు, గడ్డంలోనే, మీసాల్లోనే, సరిగ్గా ఇంజను కూత వేస్తున్నప్పుడే. నాకు వినపడింది. ప్రతి అక్షరమూ వినపడింది. కానీ ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి వచ్చే పండుగ ఇది, ఒక్క పూటతో ముగిస్తే ఎలా?

"ఏమన్నారు మామా? ఇంజను మోతలో వినపడలేదు."

ఆయన నన్ను అనుమానంగా చూశారు. ఊపిరి నిండా పీల్చుకున్నారు. మెయిలు కదిలింది, ఆ మోతను మించాలని గొంతు సిద్ధం చేసుకునేలోగా చివరి పెట్టె కూడా ప్లాట్‌ఫారం దాటిపోయింది, స్టేషనంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఎత్తిన గొంతు ఆయన దించుకోలేకపోయారు.

"నాదే తప్పు అంటాండా! ఆ గోడలు వద్దని నువ్వు సెప్పిందే సరి, నాదే తప్పు, ప్రభావతీ!"

మాదన్న చెవి వెనక బీడీ కింద పడింది.